చెప్పుకోలేని చోట దురద

క్రితం సంచిక అందరికీ చేరిన పదిహేను రోజులకు నాకో ఉత్తరం వచ్చింది. పేరు లేదు, ఊరు లేదు. కవరు మీద తపాలా ముద్ర కూడా సరిగ్గా పడలేదు. "డాక్టరమ్మగారికి నమస్కారములు. ఆరు నెలలుగా కింద దురద. మెడికల్ షాపులో అడిగి నాలుగు ట్యూబులు వాడాను. రాసినన్నాళ్లు తగ్గుతుంది, మానేస్తే రెండింతలవుతుంది. ఇప్పుడు మా ఆయనకూ గజ్జల్లో వచ్చింది. ఇక్కడి డాక్టరు మగాయన. ఆయన భాషలో ఈ మాట ఎలా చెప్పాలో తెలియక, తలనొప్పి అని చెప్పి మాత్రలు తెచ్చుకున్నాను" అని ఉంది.

ఆ తలనొప్పి మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. షోలాపూర్‌లో ముప్పై ఏళ్లుగా వైద్యం చేస్తున్నాను. మగ్గాల వాడల నుంచి వచ్చే మన ఆడవాళ్లు మరాఠీలో బేరమాడతారు, అవసరమైతే పోట్లాడతారు, బడికెళ్లి పిల్లల మాస్టారిని నిలదీస్తారు. ఈ ఒక్క సంగతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం అమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగు మాట తప్ప మరొకటి నోట రాదు. అదీ సగమే బయటికొస్తుంది. చిరునామా లేని ఆ చెల్లెలికి జవాబివ్వడానికి ఈ శీర్షిక తప్ప నాకు వేరే దారి లేదు. పిల్లల కంట పడుతుందని ఎవరైనా నొచ్చుకుంటే మన్నించాలి. పెళ్లీడుకొచ్చిన పిల్లలు చదివితే మంచిదే.

అమ్మా, చూడకుండా రోగం చెప్పడం తప్పు. కానీ మీ ఉత్తరంలో రెండు ఆనవాళ్లున్నాయి. రాస్తే తగ్గడం, మానేస్తే పెరగడం ఒకటి. భర్తకు గజ్జల్లో రావడం రెండోది. ఈ రెండూ కలిస్తే నాకు ముందు తామర మీదే అనుమానం. గజ్జల మడతలో మొదలై తొడ మీదికి పాకుతూ, అంచు ఎర్రగా లేచి, మధ్యలో మానినట్టు కనిపించే మచ్చ అది. బూజు జాతి సూక్ష్మజీవి వల్ల వస్తుంది. చెమట, తడి బట్టలు, ఒకే తువ్వాలు ఇంటిల్లిపాదీ వాడటం దానికి ఇష్టం. తువ్వాళ్లు నేసే ఊళ్లో ఉండి ఇంటికొక్క తువ్వాలుతో గడిపే కుటుంబాలను ఎన్ని చూశానో!

ఇక ఆ ట్యూబు సంగతి. షాపులో చేతికిచ్చేది చాలాసార్లు మూడు నాలుగు మందులు కలిపిన పూత. అందులో బూజును చంపే మందు కొంత, బాక్టీరియా మందు కొంత, స్టెరాయిడ్ కొంత ఉంటాయి. పెట్టె మీద క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ అన్న పేర్లలో ఏది కనిపించినా అది స్టెరాయిడ్ అని గుర్తుపెట్టుకోండి. స్టెరాయిడ్ ఎరుపునూ దురదనూ రెండు రోజుల్లో అణచేస్తుంది, కాబట్టి మందు పనిచేసిందని మనం సంతోషిస్తాం. ఆ చోట మన శరీరం చేసే ప్రతిఘటనను కూడా అదే అణచేస్తుంది. బూజు నిశ్చింతగా విస్తరిస్తుంది. గుండ్రటి అంచు చెరిగిపోయి, చర్మ వైద్యుడు సైతం చూడగానే పోల్చుకోలేని రూపానికి వస్తుంది. నెలల తరబడి రాస్తే గజ్జల్లో చర్మం పలచబడి, కాన్పు చారల్లాంటి చారలు పడతాయి. ఆ చారలు మళ్లీ పూర్తిగా పోవు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఈ స్టెరాయిడ్ పూతలను డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదన్న జాబితాలో చేర్చింది. అయినా అడిగినవారికి అడిగినట్టు ఇచ్చే దుకాణాలు ప్రతి వీధిలోనూ ఉన్నాయి.

ఇంకో చిక్కు కూడా వచ్చిపడింది. మన దేశంలో ఈమధ్య కనిపిస్తున్న మొండి తామరకు కారణమైన జీవికి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. పేరులోనే మన దేశం ఉంది, గర్వపడే విషయం కాదనుకోండి. పాతికేళ్ల కిందట సులువుగా లొంగదీసిన టెర్బినఫిన్ అనే మందుకు ఇది చాలామందిలో లొంగడం లేదు. కాబట్టి చర్మాన్ని కొద్దిగా గీకి సూక్ష్మదర్శినిలో చూపించుకుని, డాక్టరు చెప్పినన్ని వారాలు, ఇంట్లో ఉన్నవాళ్లందరూ కలిసి వైద్యం చేయించుకోవాలి. దురద తగ్గిన రోజే మందు మానేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

అయితే దురద బయట చర్మం మీద కాక లోపలి నుంచి, తెల్లబట్టతో కలిసి వస్తోందా? అది వేరే కథ. విరిగిన పాలలా తెల్లగా, వాసన లేకుండా అవుతూ విపరీతమైన దురద ఉంటే కాండిడా అనే బూజు కావచ్చు. పలచగా బూడిద రంగులో, చేపల వాసన వేస్తూ, దురద అంతగా లేకపోతే లోపల ఉండవలసిన మంచి బాక్టీరియా తగ్గి వేరే బాక్టీరియా పెరిగిందని అర్థం. పసుపుపచ్చగా, నురగలా, మంటతో ఉంటే ట్రైకోమొనాస్ అనే జీవి కావచ్చు. కాగితం మీద ఇలా తేలిగ్గా విడిపోతాయి గానీ మనిషిలో ఇంత స్పష్టంగా ఉండవు. అమెరికాలో 2002లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, తమకు బూజే అని నమ్మి సొంతంగా మందు కొనుక్కున్న 95 మంది స్త్రీలను పరీక్షిస్తే, నిజంగా ఒక్క బూజే ఉన్నది మూడింట ఒక వంతు మందికే. ఇందులో తెలివికీ చదువుకూ సంబంధం లేదు, కంటికి కనిపించే తేడా అంత తక్కువ.

ఆరోగ్యంగా ఉన్నప్పుడు యోనిలో కొంచెం పులుపు గుణం ఉంటుంది. ఆ పులుపే కాపలా. శుభ్రత పేరుతో లోపలికి సబ్బు నీళ్లు, గాయాలు కడిగే మందు నీళ్లు పంపితే ఆ కాపలా పోయి, వాసన ఇంకా పెరుగుతుంది, అప్పుడు ఇంకా ఎక్కువ కడుగుతారు. బయట మామూలు నీళ్లతో కడుక్కుంటే చాలు. సువాసన సబ్బు, సెంటు వేసిన ప్యాడ్లు, సరిగ్గా జాడించని సబ్బుపొడి, ఇవే దురదకు కారణమైనవాళ్లు కూడా నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లకు మందు ఇవ్వడం కన్నా ఉన్నవి మానిపించడమే వైద్యం.

ట్రైకోమొనాస్ అని తేలితే భార్యాభర్తలిద్దరూ మందు వేసుకోవాలి. మగవారిలో ఇది తరచుగా ఏ లక్షణమూ చూపదు. ఆడవారిలోనూ నెలల తరబడి చప్పుడు లేకుండా ఉండగలదు. ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో రోగం చూసి చెప్పలేము. ఆ చీటీ పట్టుకుని ఇంట్లో పంచాయతీ పెట్టుకోవద్దని నేను ఇద్దరినీ కూర్చోబెట్టి చెబుతాను.

మాటిమాటికీ కాండిడా వస్తుంటే ముందు చక్కెర పరీక్ష చేయించండి. నలభై దాటిన ఆడవారిలో మధుమేహం మొదట ఈ దురద రూపంలోనే బయటపడటం చాలాసార్లు చూశాను. చక్కెర మందుల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనేవి చక్కెరను మూత్రంలోకి పంపేస్తాయి. మంచి మందులే. కాని ఆ తీపికి బూజు చేరుతుంది, మగవారికి సైతం అంగం కొన మీద ఎరుపు, దురద వస్తాయి. సిగ్గుపడి మాత్రలు మానేయకండి, రాసిచ్చిన డాక్టరుకు చెప్పండి. రాత్రిపూట దురద పెరిగి, వేళ్ల సందుల్లోనూ ఉండి, ఇంట్లో మరొకరికీ ఉంటే అది గజ్జి. గర్భిణులు ఏ మాత్రా సొంతంగా వేసుకోరాదు. పుండ్లు, జ్వరం, పొత్తికడుపు నొప్పి ఉంటే ఆ రోజే వెళ్లాలి.

ఇక నా తప్పు ఒకటి చెప్పాలి. మా చిన్నమ్మకు అరవై రెండేళ్లప్పుడు ఫోను చేసి, గొంతు తగ్గించి, దురదగా ఉందే అంది. చక్కెర ఉన్న మనిషి కదా, బూజేనని ఫోనులోనే మాత్ర పేరు చెప్పాను. మూడు నెలలకు మళ్లీ చేసింది, మళ్లీ అదే చెప్పాను. తెలియని మనిషినైతే చూడకుండా మందు రాసేదాన్నా? సొంత చిన్నమ్మను పడుకోబెట్టి చూడటానికి నాకే మొహమాటం వేసింది. ఏడాది తరువాత పండక్కి వచ్చినప్పుడు చూశాను. చర్మం తెల్లగా, సిగరెట్ కాగితంలా ముడతలు పడి, అక్కడక్కడ చిట్లి, లోపలి పెదవులు కరిగిపోయినట్టున్నాయి. లైకెన్ స్క్లెరోసస్ అంటారు. అంటువ్యాధి కాదు, బూజూ కాదు. ముట్లుడిగిన స్త్రీలలో ఎక్కువ. వైద్యం లేకుండా వదిలేస్తే కొద్దిమందిలో క్యాన్సరుగా మారే ప్రమాదం ఉంది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాం. ఆ ఫలితం వచ్చిన వారం రోజులూ నేను సరిగ్గా నిద్రపోలేదు. క్యాన్సరు లేదు.

విచిత్రమేమంటే ఈ జబ్బుకు మందు ఆ క్లోబెటసాలే, వట్టిది, వేరేదేమీ కలపనిది. పైన మీకు వద్దన్న మందునే చిన్నమ్మకు కొలత చెప్పి రాయించాను. పోయిన ఆకారం తిరిగి రాలేదు గాని దురద, పగుళ్లు తగ్గాయి. ఇప్పుడు ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకుంటుంది. ఫోనులో మాత్ర చెప్పినందుకు ఒక్కసారి కూడా ననేమీ అనలేదు.

ఉత్తరం రాసిన చెల్లెమ్మా, ఇలా చేయండి. ఇప్పటిదాకా వాడిన ట్యూబులన్నీ, ఖాళీవైనా, సంచిలో వేసుకోండి. చాలా నెలలు రాసి ఒక్కసారిగా మానితే మంట ఎగదన్నవచ్చు, కాబట్టి ఎలా మానాలో డాక్టరునే అడగండి. చెప్పడానికి నోరు రాకపోతే కాగితం మీద రాసి ఇవ్వండి: ఎక్కడ, ఎన్నాళ్లుగా, ఏమేమి రాశాను, ఇంట్లో ఇంకెవరికి ఉంది. మీరున్నది మా వైపే అయితే దురదను 'ఖాజ్' అనండి, తెల్లబట్టను ఇక్కడి ఆడవాళ్లు 'అంగావరూన్ జాణే' అంటారు. ఆడ డాక్టరు కావాలని అడిగే హక్కు మీకుంది. మగ డాక్టరైతే పరీక్ష సమయంలో నర్సు దగ్గరుండాలని అడగండి. సర్కారు ఆసుపత్రుల్లో సురక్షా క్లినిక్ అనే బోర్డు ఉన్నచోట ఈ జబ్బులను ఉచితంగా చూస్తారు, అడిగిన సంగతులు బయటికి చెప్పరు. మీ ఆయనను కూడా వెంటబెట్టుకు వెళ్లండి. తిరిగొచ్చాక నాకు ఇంకో ఉత్తరం రాయండి, పేరు లేకపోయినా ఫర్వాలేదు.