వారం రోజుల జమీందారీ

మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో వచ్చినది. దానితో విజయనగరం, బొబ్బిలి జమీందారీలు చరిత్రలో కలిసిపోయినవి. ఇప్పుడు అదే సీమలోని విశ్రాంత ఉద్యోగులకు ఏడాదికి ఏడు రోజుల కొత్త జమీందారీని అమ్ముతున్నారు. దాని పేరు టైమ్‌షేర్. "మీ దంపతులకు బహుమతి వచ్చినది, విశాఖ హోటలుకు విందుకు రండి" అని ఫోను చేస్తారు. విందు వెనుక గంటల తరబడి ఉపన్యాసం. చివర "ఈ రాయితీ ఈ రాత్రికే" అన్న తొందర. సరుకు మంచిదైతే తెల్లవారేసరికి పాడైపోతుందా?

"అద్దె గది మీది కాదు, ఇది మీ స్వంతం" అన్నది వారి ప్రధానవాదం. నా అభ్యంతరం ఆ మాటతోనే మొదలవుతుంది. స్వంతమైనది అమ్ముకోవచ్చు, తాకట్టు పెట్టవచ్చు. మన దేశంలో అమ్మే ఈ సభ్యత్వాలలో అధికభాగం కేవలం బస చేసే హక్కులు. గది మీద, నేల మీద సభ్యునికి స్వామ్యం లేదు. మన రైతుభాషలో చెప్పాలంటే, పాతికేళ్ళ కౌలు ముందే చెల్లించి, ఆపైన ఏటేటా నిర్వహణ రుసుము కట్టడం. శిస్తు వసూలు చేసుకొనే జమీందారును విన్నాము గాని, కట్టడమే తప్ప వసూలెరుగని జమీందారు ఇతడొక్కడే!

లెక్క చూడండి. ఉదాహరణకు సభ్యత్వం మూడు లక్షలు, ఏటా రుసుము 15,000 అనుకుందాం. ఆ మూడు లక్షలు బ్యాంకులో ఉంటే, ఆరు శాతం చొప్పున ఏడాదికి 18,000 వడ్డీ. రెండూ కలిపి 33,000. ఏడు రాత్రులకు పంచితే రాత్రికి సుమారు 4,700. ప్రయాణం, భోజనం వేరు. గడువు తీరాక అసలు మిగలదన్న సంగతి ఇందులో ఇంకా కలపనేలేదు. రాత్రికి 3,000 గది అద్దెకు తీసుకున్నవానికి ఏడు రాత్రులకు 21,000 మాత్రమే. అసలు బ్యాంకులో భద్రం.

"రేపు గదుల ధరలు పెరుగవా?" అంటారు. పెరుగుతాయి. నిర్వహణ రుసుము మాత్రం పెరుగదా? పైగా అద్దెవానికి ఒక ఏడు వెళ్ళకుండా ఉండే స్వేచ్ఛ ఉన్నది. మోకాళ్ళ నొప్పులతో మంచాన ఉన్నా సభ్యుడు రుసుము కట్టవలసినదే.

కాలం సంగతి మరీ ముఖ్యం. క్లబ్ మహీంద్రా ప్రసిద్ధ సభ్యత్వం 25 ఏళ్ళది. ఈ వ్యాపారానికి మన దేశంలో ఆద్యులలో ఒకటైన స్టెర్లింగ్ 1986లో పుట్టినది. 2014లో దానిని థామస్ కుక్ ఇండియా తీసుకున్నది. యాజమాన్యం మారడం నేరం కాదు. కాని సంస్థలే చేతులు మారేటంత కాలానికి, అరవై దాటినవాడు నేడే సొమ్ము చెల్లించడం ఏమి వివేకం?

ఏటా తప్పక వెళ్ళేవారికి, నెలల ముందే తేదీ నిర్ణయించుకోగలవారికి ఇది కొంత గిట్టుబాటు కావచ్చును, కాదనను. కాని మన సెలవులు దసరాకు, సంక్రాంతికి, వేసవికి. లోకమంతా గదులడిగేదీ అప్పుడే. ఆ రోజులకు హెచ్చు వెల సభ్యత్వం కావాలి. అదున్నా గది ఖాళీ ఉండాలి.

అద్దె గదులలోనూ మోసమున్నది. బొమ్మలో చూపిన గది ఒకటి, ఇచ్చేది ఒకటి. అయితే ఆ నష్టం ఒక రాత్రితో పోతుంది. కొత్తవలసలో కిరండూల్ బండి ఎక్కి అరకులో దిగేవానికి పర్యాటకాభివృద్ధి సంస్థ హరిత విడిది ఉన్నది, ప్రైవేటు గదులున్నవి. నచ్చకపోతే మరుసటి ఏడు మరొకటి.

అడుసు తొక్కనేల, కాలు కడుగనేల? విశ్రాంత జీవితానికి ఊతమైన గ్రాట్యుటీ సొమ్మును విందుభోజనానికి వెలగా ఇవ్వకండి. ఏకీభవించని మిత్రులు వ్యాఖ్యలలో తప్పక వాదించండి. కాని విశేషణాలు వద్దు, అంకెలతో రండి.