బూస్టరు కంటే ముందు బుర్రకు పని

పిల్లలూ! 1980లలో మన ఇళ్ళ కప్పుల మీద చేపముల్లు ఆకారంలో అల్యూమినియం ఏంటెన్నాలు ఉండేవి. మిట్ట మీది ఇంట్లో టీవీ బొమ్మ నిలకడగా వచ్చేది. పల్లపు ఇంట్లో తెరనిండా చీమలు పాకినట్లు చుక్కలే! ఆ ఇంటివారు బజారుకు పోయి బూస్టరు కొనుక్కొచ్చేవారు. చాలాసార్లు డబ్బు పోయేదే గాని చుక్కలు పోయేవి కావు. ఎందుచేత?

టీవీ తరంగాలు దాదాపు వెలుతురులాగే సూటిగా పోతాయి. భూమేమో గుండ్రంగా ఉంది. నేల చదునుగా ఉన్నచోట 100 మీటర్ల టవరు నుంచి తరంగాలు సుమారు 41 కిలోమీటర్ల వరకు అడ్డు లేకుండా వస్తాయి. మన ఏంటెన్నా 4 మీటర్ల ఎత్తున ఉంటే మరో 8, 9 మీటర్ల ఎత్తున ఉంటే మరో 12 కిలోమీటర్లు కలుస్తాయి. మధ్యలో గుట్ట ఉంటే దాని అంచున కాస్త వంగిన తరంగాలు మాత్రమే, అదీ నీరసించి, పల్లంలోకి దిగుతాయి.

బూస్టరు లేని సంకేతాన్ని పుట్టించలేదు. అందిన సంకేతంతోపాటు రొదనూ పెంచుతుంది, తన రొదను కొంత కలుపుతుంది కూడా. సంతలో మిత్రుని మాట వినబడకపోతే సంత గోలంతా మైకులో పెట్టినట్లన్నమాట! మిత్రుని దగ్గరకు జరగడమే తెలివైన పని.

కాబట్టి నా అభిప్రాయంలో వరుస ఇది: మొదట ఎత్తు, తర్వాత చోటు, ఆ తర్వాత దిశ, పిమ్మట తీగ, అతుకులు. బూస్టరు చివరిది. పొడవాటి తీగలో జరిగే నష్టాన్ని పూడ్చడానికి దానిని ఏంటెన్నా దగ్గరే బిగిస్తే నిజంగా ఉపయోగమే.

1948లో అమెరికాలో కొండల మధ్యనున్న ఆస్టోరియా పట్టణంలో ఎడ్ పార్సన్స్ అనే ఆయన సరిగ్గా ఇలాగే చేశాడు. టీవీ కేంద్రం దాదాపు 200 కిలోమీటర్ల దూరాన సియాటిల్‌లో ఉంది. సంకేతం ఎక్కడ దొరుకుతుందా అని ఆయన ఊరంతా వెదికాడు. ఒక హోటలు పైకప్పు మీద దొరికింది! ఏంటెన్నా అక్కడ నిలిపి, తీగను ఇంటికి లాక్కున్నాడు. తర్వాత ఇరుగుపొరుగుకూ ఇచ్చాడు. కేబుల్ టీవీకి తొలి అడుగుల్లో అదొకటి.

"ఇప్పుడు డిష్‌లున్నాయి కదా, మాస్టారూ!" అంటారా? నిజమే. దూరదర్శన్ పాత భూతల ప్రసారాలు 2022 నాటికి దాదాపుగా ఆగిపోయాయి. డిష్ ఆకాశంలోని ఉపగ్రహాన్ని చూస్తుంది గనుక దానికి పల్లమూ మిట్టా ఒకటే. కాని ఎఫ్.ఎం. రేడియో తరంగాలు నేటికీ నేల మీది టవరు నుంచే వస్తాయి. సూత్రం అదే.

మీ ఇంట్లో ఎఫ్.ఎం. గరగరమంటే ఈ ప్రయోగం చేయండి. 100 మెగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం 3 మీటర్లు. అందులో సగం, అంటే 75 సెంటీమీటర్ల రాగి తీగలు రెండు, ఒకే గీతలో ఏంటెన్నా అవుతాయి. దానిని గదిగదికీ మార్చి, నిలువుగా, అడ్డంగా తిప్పి, ఏ చోట ఎలా వినబడిందో పట్టిక రాయండి. రెండడుగుల జరుగుడు ఎంత మార్పు తెస్తుందో మీకే తెలుస్తుంది. ఇంటి బయట, మిద్దె మీద మాత్రం పెద్దలు తోడు లేకుండా వద్దు. కరెంటు తీగల చాయలకు, ఉరుములప్పుడు ఆరుబయటకు అసలే పోవద్దు.

కొనడం ఎవరైనా చేస్తారు. కారణం వెదికి కొనేవాడే విజ్ఞానశాస్త్ర విద్యార్థి.