థార్‌ను రెండంగుళాలు లేపినా టైరు రాసుకుంటోందా? అసలు చిక్కు ఎత్తులో లేదు!

వానలు పడ్డాయంటే చాలు.. వికారాబాద్ అనంతగిరి బురద దారుల్లో, అల్లూరి జిల్లా వంజంగి కొండ బాటలో జీపుల రీల్స్ ఫోన్ నిండా కనిపిస్తాయి. వాటిలో చాలా బండ్లు షోరూమ్ నుంచి వచ్చిన ఎత్తులో ఉండవు. రెండంగుళాల లిఫ్ట్ కిట్, దాని కింద లావుపాటి మడ్ టైర్లు. లుక్ అదిరిపోతుంది. కానీ మలుపులో స్టీరింగ్ ఫుల్‌గా తిప్పగానే ముందు చక్రం దగ్గర 'బర్ర్'మని శబ్దం. టైరు లోపల ఎక్కడో రాసుకుంటోంది. అప్పుడు చాలామంది అడిగేది ఒక్కటే.. ఇంకో అంగుళం లేపేద్దామా?

ఆ అంగుళం చాలాసార్లు డబ్బు దండగే.

మహీంద్రా థార్ త్రీ-డోర్‌నే చూద్దాం. 18 అంగుళాల అల్లాయ్‌తో కంపెనీ ఇచ్చే టైరు సైజు 255/65. దాన్ని తీసేసి 285/65 వేస్తే టైరు మొత్తం ఎత్తు సుమారు 789 మిల్లీమీటర్ల నుంచి 828కి పెరుగుతుంది. అంటే ఇరుసు మధ్య నుంచి చూస్తే పైకి, ముందుకు, వెనక్కి దాదాపు 2 సెంటీమీటర్లు ఎక్కువ. వెడల్పు ఇంకో 3 సెంటీమీటర్లు. లిఫ్ట్ కిట్ పైన మాత్రమే ఖాళీ ఇస్తుంది. ముందున్న బంపర్ అంచు, వెనకున్న లైనర్ ఎక్కడివక్కడే ఉంటాయి.

పైన వచ్చిన ఖాళీ కూడా బండి నిలబడి ఉన్నప్పుడే. గుంతలో పడితే సస్పెన్షన్ నొక్కుకుంటుంది, చక్రం పైకి వస్తుంది. అది ఎంతవరకు రావాలో ఆపేది బంప్ స్టాప్ అనే రబ్బరు ముక్క. స్ప్రింగులు మార్చి బంప్ స్టాప్‌ను అలాగే వదిలేస్తే చక్రం మళ్లీ పాత చోటికే వచ్చేస్తుంది. కాకపోతే ఇప్పుడక్కడ పెద్ద టైరు ఉంది! కిట్ అమ్మేటప్పుడు ఈ ముక్క చెప్పేవాళ్లు తక్కువ.

ముందు ఎక్కడ తగులుతోందో చూడాలి

చదునైన చోట స్టీరింగ్ రెండు వైపులా చివరి దాకా తిప్పి చూడాలి. తర్వాత ఒక చక్రాన్ని మెల్లగా రాయి మీదకు ఎక్కించి, బండి ఆపి, మళ్లీ చూడాలి. టైరు రాసుకున్న చోట బురద చెరిగిపోయి నున్నగా మెరుస్తుంది. ప్లాస్టిక్ లైనర్ మీద గీత పడితే పెద్ద కంగారు లేదు. ఆ గీత బ్రేక్ గొట్టం మీదో, ఏబీఎస్ సెన్సర్ వైరు మీదో కనిపిస్తే మాత్రం బండి అక్కడే ఆపాలి. టైరు పక్కగోడ లోహానికి ఒరుసుకుంటున్నా అంతే.. అరిగిన పక్కగోడ హైవే స్పీడ్‌లో పేలితే పరిస్థితి ఊహించుకోవచ్చు.

మార్గాలు లేకపోలేదు. లిఫ్ట్ చేశాక అలైన్‌మెంట్ చేయించడం మొదటిది. క్యాస్టర్ కోణం తగ్గిపోతే చక్రం కాస్త వెనక్కి జరుగుతుంది, సరిచేస్తే ముందుకొస్తుంది. జిమ్నీలో ఇది మరీ స్పష్టం. ముందు ఇరుసును పట్టుకునే ఆర్మ్‌లు వెనక బిగించి ఉంటాయి కాబట్టి, బండి లేపిన కొద్దీ ఇరుసు వెనక్కి పోతుంది. పైన తగులుతుంటే బంప్ స్టాప్ ఎత్తు పెంచాలి. లోపల ఫ్రేమ్‌కో ఆర్మ్‌కో తగులుతుంటే ఆఫ్‌సెట్ తక్కువున్న వీల్ పనికొస్తుంది. కానీ టైరు బయటికి జరిగాక తిరిగే వలయం పెద్దదై, నిన్నటిదాకా తగలని బంపర్ ఇవాళ తగులుతుంది. స్టీరింగ్ స్టాప్ పెంచితే రాపిడి ఆగుతుంది, బదులుగా యూటర్న్‌కి రోడ్డు చాలదు. ఏదీ ఊరికే రాదు.

చట్టం ఏమంటోంది?

కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు, ఆర్సీలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డుకుంటుంది. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. అదే ఏడాది వచ్చిన సవరణతో సెక్షన్ 182ఏ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదంటే 6 నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ఒక్కో మార్పుకు అన్న మాట గమనించాలి. బీమా కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పులు క్లెయిమ్ దగ్గర అడ్డం తిరిగే ప్రమాదమూ ఉంది. ఆఫీసుకూ ఊరికీ తిరిగే బండి అయితే, తిరిగి కంపెనీ సైజు టైర్లే వేసుకోవడం అన్నింటికన్నా చవకైన రిపేరు. రీల్‌లో లైకులు తగ్గుతాయేమో, అంతే.

పెద్ద టైర్లతోనే తిరుగుతున్నవాళ్లు ఇంకో రెండు చూసుకోవాలి. మునుపటిలా మీటర్‌లో అదే అంకె కనిపించినా బండి దాదాపు 5 శాతం ఎక్కువ వేగంతో వెళ్తుంది. స్పీడ్ కెమెరాకు ఆ సంగతి తెలుసు. ఇక వెనక డోర్‌కు వేలాడే స్టెప్నీ. నాలుగూ మార్చి దాన్ని పాత సైజులోనే వదిలేస్తుంటారు. కొండ మీద పంక్చరై అది బిగిస్తే, ఫోర్ వీల్ డ్రైవ్‌లో చిన్న చక్రం ఒక తీరుగా, పెద్దవి ఇంకో తీరుగా తిరిగి ఆ ఒత్తిడంతా ట్రాన్స్‌ఫర్ కేస్ మీద పడుతుంది.