స్వయంపఠనం – రష్యన్ కథలు

'పుస్తకం హస్తభూషణం' అన్నారు పెద్దలు. చేతికి అలంకారమైన ఆ పుస్తకం మనసుకు అలవాటు కావాలంటే, ఎవరూ చెప్పకుండానే మనంతట మనం దానిని తెరవాలి. పరీక్ష కోసం ఒకరు చదివించేది పాఠం. ఇష్టంతో మనం చదువుకొనేది స్వయంపఠనం.

వేలూరు, గుడియాత్తం, తొరపాడి ప్రాంతాలలో తెలుగు మాతృభాషగా గల విద్యార్థులకు స్వయంపఠనం మరింత అవసరం. ఇంట్లో తెలుగు మాట్లాడతాం. వీధిలో, అంగడిలో, బస్సులో తమిళం వింటాం. పై చదువులకు ఇంగ్లీషును ఆశ్రయిస్తాం. తెలుగు అక్షరం మన కంటబడేది ఎక్కువగా ఈ వాచకంలోనే. వాడని కత్తి తుప్పుపట్టినట్లు, చదవని లిపి మరపున పడుతుంది. మాట మిగిలి అక్షరం పోయిన కుటుంబాలు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. కాబట్టి వాచకం ముగిసిన తరువాత విద్యార్థి చేతికి ఏ తెలుగు పుస్తకం ఇవ్వాలన్నది చిన్న ప్రశ్న కాదు. మన శతకాలు, మన కథలు ఎలాగూ ఉండవలసిందే. వాటి పక్కనే తెలుగులోకి వచ్చిన రష్యన్ సాహిత్యానికి కూడా ఒక అర కేటాయించాలని నా అభిప్రాయం.

రష్యన్ సాహిత్యం తెలుగువారికి కొత్తది కాదు. మాక్సిం గోర్కీ నవలను క్రొవ్విడి లింగరాజు 'అమ్మ' అనే పేరుతో స్వాతంత్ర్యానికి ముందే తెలుగు చేశారు. తరువాత మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగు పుస్తకాలను అక్కడే అచ్చువేసి పంపేవి. వృక్షశాస్త్రం చదివిన ఉప్పల లక్ష్మణరావు మాస్కోలో ఏళ్ళ తరబడి ఉండి ఎన్నో పుస్తకాలను తెనిగించారు. ఆ పుస్తకాలు విజయవాడలోని విశాలాంధ్ర ద్వారా తక్కువ ధరకే ఇంటింటికీ చేరాయి. తమిళంలో అదే పని మద్రాసులోని న్యూ సెంచురీ బుక్ హౌస్ చేసింది. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయిన తరువాత ఈ రాక ఆగిపోయింది. ఆగింది పుస్తకాల రాకే. వాటిలోని మనుషులు మాత్రం పాతబడలేదు.

మొదట చదవదగినవాడు లియో టాల్‌స్టాయ్ (1828–1910). ఆయనకూ మనకూ ఒక దగ్గరి సంబంధం ఉంది. 1908లో ఒక భారతీయునికి రాసిన సుదీర్ఘ లేఖలో ఆయన, అపకారం చేయరాదని బోధించే తిరుక్కురళ్ పద్యాలను ఉదాహరించాడు. ఆ లేఖను చదివి గాంధీజీ గుజరాతీలోకి అనువదించారు. 1910లో జొహానెస్‌బర్గ్ సమీపంలో సత్యాగ్రహుల కోసం ఏర్పడిన క్షేత్రానికి టాల్‌స్టాయ్ పేరే పెట్టారు. ఆ క్షేత్రంలో తమిళులతోపాటు తెలుగువారూ నివసించారు. అంటే తమిళుల కురళ్ రష్యాకు వెళ్ళింది. రష్యన్ రచయిత పేరు మనవారి నివాసానికి వచ్చింది. ఇరుగుపొరుగు భాషల మధ్య పెరుగుతున్న మనకు ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు.

'మనిషికి ఎంత భూమి కావాలి?' అనేది టాల్‌స్టాయ్ 1886లో రాసిన కథ. పొద్దు పొడిచినప్పటి నుండి పొద్దు గుంకేలోగా ఎంత నేల చుట్టి బయలుదేరిన చోటికి తిరిగి వస్తే అంత నేలా నీదే అని పహోమ్ అనే రైతుతో అంటారు. అతడు ఇంకొంచెం, ఇంకొంచెం అని దూరం పోతాడు. చివరికి పరుగెత్తి వచ్చి గురి చేరుతాడు గానీ ప్రాణం దక్కదు. అతనికి మిగిలింది ఆరడుగుల నేల. బాట పక్క పొలాలు ప్లాట్లుగా మారుతున్న మన ఊళ్ళలో ఈ కథకు వ్యాఖ్యానం అక్కరలేదు.

1872లో వెలువడిన మరొక కథలో అక్సియోనోవ్ అనే వర్తకుడు చేయని హత్యకు 26 ఏళ్ళు సైబీరియాలో శిక్ష అనుభవిస్తాడు. అసలు హంతకుడు అదే జైలుకు వస్తాడు. అతడు తప్పించుకోవటానికి సొరంగం తవ్వుతున్న సంగతి తెలిసి కూడా అక్సియోనోవ్ అధికారులకు చెప్పడు. హంతకుడు కరిగిపోయి నేరం ఒప్పుకొంటాడు. విడుదల ఉత్తరువు వచ్చేసరికి అక్సియోనోవ్ కన్నుమూసి ఉంటాడు. తొరపాడిలో వేలూరు కేంద్ర కారాగారం ఉంది. 1921–22లో రాజాజీ అక్కడ శిక్ష అనుభవించి దినచర్య రాసుకొన్నారు. ఆ గోడ పక్కనుంచి బడికి నడిచే పిల్లలు, లోపల ఉన్నవారిని గురించి ఒక్క క్షణం ఆలోచించేటట్లు చేయగల కథ ఇది.

అంతోన్ చెహోవ్ (1860–1904) రాసిన 'వాంకా' అయిదారు పుటల కథ. చెప్పులు కుట్టే యజమాని దగ్గర పనికి కుదిరిన తొమ్మిదేళ్ళ అనాథ, తనను తీసుకుపొమ్మని తాతకు ఉత్తరం రాస్తాడు. పైన చిరునామా 'పల్లెలో ఉన్న తాతయ్యకు' అంటూ ఊరి పేరు లేకుండానే రాసి పెట్టెలో వేస్తాడు. ఆంబూరు, వాణియంబాడి, పేర్ణాంబట్టు తోలు పరిశ్రమకు పేరుపొందిన ఊళ్ళు. గుడియాత్తంలో అగ్గిపెట్టెల పనిలో, బీడీల పనిలో ఒకప్పుడు పసిచేతులు ఎన్ని ఉండేవో పెద్దలకు తెలుసు. 6 నుండి 14 ఏళ్ళ పిల్లలకు చదువు హక్కని చట్టం వచ్చింది 2009లో. ఆ హక్కు విలువ వాంకా కథ చదివిన విద్యార్థికి చట్టం చదవకుండానే తెలుస్తుంది.

గోర్కీ స్వయంగా అటువంటి బాలుడే. చిన్ననాడే తల్లిదండ్రులను పోగొట్టుకొని, చెప్పుల దుకాణంలో పనిచేసి, వోల్గా నదిపై పడవలో గిన్నెలు కడిగాడు. ఆ పడవలోని స్మూరీ అనే వంటవాడు పుస్తకాలు చేతికిచ్చి చదివించాడు. గోర్కీ ఆత్మకథలోని ఈ భాగం స్వయంపఠనానికి చక్కని పాఠం. చదువు చెప్పేవాడు బడిలోనే ఉండనక్కరలేదు.

చింగీజ్ ఐత్‌మాతోవ్ (1928–2008) కిర్గిజ్ రచయిత. రష్యన్‌లోనూ, మాతృభాషలోనూ రాశాడు. ఆయన 'తొలి ఉపాధ్యాయుడు' మన ఆడపిల్లలు తప్పక చదవాలి. అంతంతమాత్రం చదువుకొన్న ద్యూషెన్ పాత గుర్రపుసాలను బడిగా మారుస్తాడు. చలికాలంలో పిల్లలను ఎత్తుకొని వాగు దాటిస్తాడు. అల్తినాయ్ అనే అనాథ బాలికను పినతల్లి బలవంతంగా పెళ్ళికి అప్పగిస్తే, దెబ్బలు తిని కూడా విడిపించి పట్నం చదువుకు పంపుతాడు. చిన్న భాషలో పుట్టినవాడు లోకమంతా చదివే కథ రాయగలడనటానికి ఐత్‌మాతోవే సాక్ష్యం.

దీనికి కొన్ని ఆక్షేపణలు ఉన్నాయి. ఆ పుస్తకాలు ఒక ప్రభుత్వం తన సిద్ధాంత ప్రచారానికి పంపినవి కదా అని కొందరంటారు. అందులో నిజం లేకపోలేదు. అయితే టాల్‌స్టాయ్, చెహోవ్ ఆ ప్రభుత్వం పుట్టకముందే మరణించారు. ప్రచారం వాసన వచ్చిన చోట విద్యార్థి ఉపాధ్యాయుని అడగాలి. ఆ విచక్షణ కూడా పఠనంలో భాగమే. ఇంగ్లీషులో చదువుకోవచ్చు కదా అన్నది రెండవ మాట. చదువుకోవచ్చు. కానీ మంచు కురిసే పల్లెను, గుర్రపు బండిని, పరదేశి దుఃఖాన్ని మన తెలుగు ఎలా పలికించిందో చూచినప్పుడు, ఈ భాష ఇంటి మాటలకే పరిమితం కాదని విద్యార్థికి నమ్మకం కలుగుతుంది. ఆ నమ్మకం లేకనే మన పిల్లలు తెలుగును దూరం చేసుకొంటున్నారు.

పేర్లు పొడవనేది మూడవ ఇబ్బంది. మొదటి పుట అంచున పాత్రల పేర్లు రాసుకొంటే అది తీరుతుంది. ముందు 'వాంకా', తరువాత టాల్‌స్టాయ్ చిన్న కథలు, ఆపైన 'తొలి ఉపాధ్యాయుడు', చివరకు గోర్కీ బాల్యం – ఈ వరుస సులువు. పాత ప్రతులు పాత పుస్తకాల అంగళ్ళలో దొరుకుతాయి. కొన్నింటిని అభిమానులు అంతర్జాలంలో ఉంచారు. పాఠశాలలు వారానికి ఒక్క పీరియడు కేటాయించి, ఒకరు చదువుతుంటే మిగిలినవారు వినేటట్లు చేయాలి. ఇంటికి వెళ్ళి ఆ కథను అవ్వకు, తాతకు తెలుగులో చెప్పండి. వారు మీకు చెప్పే కథలను తెలుగులో రాసి తెండి. మీ తరగతి గ్రంథాలయంలో రష్యన్ కథల పక్కన గుడియాత్తం కథలకు కూడా చోటుంది.