ఇంటి క్రయ దస్తావేజు

ఇల్లు కొనునపుడు మన కుటుంబములలో పని రెండు పాళ్లుగా పంచబడుచున్నది. వంటిల్లు ఏ మూలనున్నది, నీటి వసతి యెట్టిది, ఇరుగుపొరుగు వారెట్టివారు అని విచారించుట ఆడవారి వంతు. కాగితములు చూచుట మగవారి వంతు. తుదకు సబ్ రిజిస్ట్రారు కచేరిలో వ్రేలితో చూపినచోట సంతకము చేసి మరలివచ్చు సోదరీమణులు నేటికిని పెక్కండ్రు గలరు. కావున ఈ మాసము ఆ కాగితములను గూర్చియే, అందులోను ముఖ్యముగా అమ్మువారి యింటి ఆడపడుచుల సంతకమును గూర్చి, వ్రాయదలచితిమి.

మొదటిది బయానా. బేరము కుదిరినతోడనే కొంత సొమ్మిచ్చి అగ్రిమెంటు వ్రాయించుకొనుట వాడుక. అది చేతికి వచ్చినంతనే ఇల్లు మనదైనదని కొందరు తలంతురు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము అది అమ్మెదమను మాటయే గాని అమ్మకము కాదు. నూరు రూపాయలును ఆపైని విలువగల ఇల్లు రిజిస్టరైన క్రయ దస్తావేజు మూలముననే కొన్నవారికి సంక్రమించును. రిజిస్ట్రేషను ఖర్చు తప్పునని జనరల్ పవర్ వ్రాయించుకొని సంతసించువారును గలరు. అట్టి పత్రములవలన ఇంటిపై స్వామ్యము రాదని సుప్రీంకోర్టు 2011లో తేటగా చెప్పినది. ఆదా యైన ఖర్చు స్వల్పము, పోవునది ఇల్లు!

పిమ్మట ఈసీ. ఆ ఇంటిపై రిజిస్టరైన అమ్మకములు, తాకట్టులు అందు కానవచ్చును. రిజిస్టరు కానివి కానరావు. అందుచేత ఈసీ నిర్మలముగా నున్నదని తృప్తిపడక, పాత లింకు దస్తావేజుల అసలు ప్రతులను చూపుమని యడుగవలెను. నకళ్లు మాత్రమే చూపి, అసళ్లు ఎచ్చటనో భద్రముగా నున్నవనువారి యొద్ద కొంచెము నిలిచి విచారించుట మేలు. అవి అప్పు క్రింద నొకరి పెట్టెలో నుండవచ్చును.

ఇక మేము ముఖ్యమనుకొన్న సంగతి. అన్నదమ్ములిరువురు తండ్రి విడిచిన ఇల్లు అమ్మజూపిరనుకొందము. తండ్రి వీలునామా వ్రాయలేదు. తల్లి కలదు, ఇరువురు అప్పచెల్లెండ్రు అత్తవారిండ్ల నున్నారు. "వారికి పెండ్లినాడే పసుపుకుంకుమల క్రింద ముట్టచెప్పితిమి, వారితో పనిలేదు" అని అన్నదమ్ములందురు. మాటలో మోసముండక పోవచ్చును; చట్టము మాత్రము దాని నొప్పుకొనదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము తండ్రి స్వార్జితములో భార్యకును, తల్లికిని, కుమారులకును, కుమార్తెలకును సమభాగ మిచ్చినది. పిత్రార్జితములో, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము 1985 సెప్టెంబరు 5 నుండి, అప్పటికి వివాహము కాని కుమార్తెలకు కుమారులతో సమానమైన హక్కు కల్పించినది. 2005లో కేంద్ర చట్టము దేశమంతట కుమార్తెలకు ఆ హక్కు నిచ్చినది. ముస్లిం, క్రైస్తవ కుటుంబములలోను కుమార్తెకు వాటా లేకపోలేదు. కావున పైన చెప్పిన ఇంటి దస్తావేజులో తల్లియు, అప్పచెల్లెండ్రును సంతకము చేయవలెను, లేదా వారు తమ హక్కు విడుదల చేసిన రిజిస్టరు దస్తావేజు చూపవలెను. లేనిచో కొన్నవారు గృహప్రవేశము చేసి, గోడలకు సున్నము వేసికొన్న తరువాత విభాగపు దావా గుమ్మము నెక్కవచ్చును. తండ్రి జీవించియుండి తన స్వార్జితమును తానే అమ్ముకొనుచున్నచో బిడ్డల సంతకము అక్కరలేదు.

ఆ అప్పచెల్లెండ్రలో మన మొకరమైనపుడు? పుట్టింటివారు పిలిచి సంతకము చేయుమన్నపుడు కాదనుట కష్టము, కాదనవలెనని మేము చెప్పుటయు లేదు. అది హక్కు విడుదలయా, అమ్మకమా, ముట్టినదని వ్రాసిన సొమ్ము నిజముగా ముట్టినదా యని చదివి తెలిసికొనుట ప్రేమకు లోపము కాదు. ముందురోజే నకలు పంపుమని యడిగినచో కచేరిలో తొందర యుండదు.

మనపేర కొనునపుడు, దస్తావేజులో పేరును, నలుదిక్కుల హద్దులును, కొలతలును మనమే చదువవలెను. 1956కు పూర్వము హిందూ వితంతువునకు భర్తనుండి వచ్చిన ఆస్తిలో పరిమిత హక్కు మాత్రమే యుండెడిది. ఆమె అమ్మినను పిదప వారసులు ప్రశ్నించెడివారు. ఇప్పుడు హిందూ స్త్రీ తనకు న్యాయముగా వచ్చిన ఆస్తికి సంపూర్ణ స్వామిని.

సంతకములైన నాలుగు మాసములలోగా దస్తావేజును రిజిస్ట్రేషనునకు సమర్పించవలెను. అసలు ప్రతి చేతికి వచ్చిన పిదప పురపాలక సంఘపు ఇంటిపన్నులోను, కరెంటు మీటరులోను పేరు మార్పించుకొని, పాతవారి పన్ను రసీదులు అడిగి పుచ్చుకొనవలెను. అమ్మకపు దినమువరకు పన్ను బాకీ తీర్చుట అమ్మినవారి బాధ్యత.