జట్టు పట్టికలో ఇంకొక గడి కావాలి

పత్రికలో ఆటల వార్తల కింద ఒక చిన్న పట్టిక ఉంటుంది. ఆడినవి, గెలిచినవి, ఓడినవి, డ్రా, పాయింట్లు - అంతే. పైనున్న జట్టు పేరు చూసి పేజీ తిప్పేస్తాం. ఆ పట్టికను ఇంకాస్త శ్రద్ధగా తయారు చేయాలని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

2024 సెప్టెంబరులో మా అనంతపురానికి దులీప్ ట్రోఫీ క్రికెట్ పోటీలు వచ్చాయి. ఇండియా ఎ, బి, సి, డి అని నాలుగు జట్లు. మొత్తం ఆరు మ్యాచ్‌లలో ఒకటి బెంగళూరులో, మిగిలిన ఐదూ అనంతపురంలో జరిగాయి. ఫైనల్ లేదు. పాయింట్లే విజేతను తేల్చాయి.

ఎ జట్టు రెండు మ్యాచ్‌లు గెలిచి, 12 పాయింట్లతో ట్రోఫీ అందుకుంది. ఇప్పుడు బి, సి జట్లను చూడండి. రెండూ ఒకటి గెలిచాయి, ఒకటి ఓడాయి, ఒకటి డ్రా చేసుకున్నాయి. అయినా సి జట్టుకు 9 పాయింట్లు, బి జట్టుకు 7! ఈ తేడా ఎక్కడిది?

పట్టికను ఎంతసేపు చూసినా జవాబు దొరకదు. ఆ రెండు జట్లూ తలపడిన మ్యాచ్‌లో సి జట్టు తొలి ఇన్నింగ్స్‌లో 525 పరుగులు చేసింది. అన్షుల్ కంబోజ్ 8 వికెట్లు తీయడంతో బి జట్టు 332 వద్ద ఆగిపోయింది. మ్యాచ్ డ్రా అయింది. నియమం ప్రకారం గెలుపుకు 6 పాయింట్లు. డ్రా అయితే తొలి ఇన్నింగ్స్ ఆధిక్యం ఉన్న జట్టుకు 3, రెండో జట్టుకు 1. కాబట్టి 6+3=9, 6+1=7. 'తొలి ఇన్నింగ్స్ ఆధిక్యం' అనే ఒక్క గడి అదనంగా ఉంటే ఈ చిక్కుముడి దానంతటదే విడిపోయేది.

ఇక సగటు సంగతి. మా సీమ రైతు 'ఈ ఏడు ఎంత వాన పడింది?' అని మాత్రమే అడగడు. 'ఎప్పుడు పడింది?' అని కూడా అడుగుతాడు. వేరుశనగ ఊడలు దిగే వేళ ముఖం చాటేసిన వాన, చెట్టు పీకే వేళ కుండపోతగా కురిస్తే, ఏడాది మొత్తం చూడ్డానికి బాగానే ఉంటుంది. కాయ మాత్రం చేతికి రాదు. పరుగులూ అంతే. ఒక జట్టు ఐదు ఆటల్లో 48, 52, 50, 49, 51 చేసింది. ఇంకొకటి 140, 20, 30, 25, 35 చేసింది. రెంటి సగటూ 50. రెండూ ఒకటేనా? సగటు పక్కన అత్యధికం, అత్యల్పం కూడా రాస్తే తేడా కంటికి కనబడుతుంది.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం మా పాఠశాల జట్టును ఎంపిక చేయడానికి పరుగులు, వికెట్లు మాత్రమే లెక్కగట్టి నోటీసు బోర్డు మీద పెట్టాను. తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు రెండే వికెట్లు తీశాడని వదిలేశాను. "సార్, నేనిచ్చిన పరుగులు రాయలేదేం?" అని అడిగాడు. స్కోరు పుస్తకం తీసి చూస్తే, ఓవరుకు అందరికన్నా తక్కువ పరుగులు ఇచ్చింది అతడే! కానీ పేర్ల జాబితా అప్పటికే పంపేశాను. గడి లేనిచోట అతని శ్రమ కూడా లేనట్టే అయింది.

ఇచ్చిన పరుగులు ఎంత ముఖ్యమో అమెరికా బేస్‌బాల్ ఆటలో బిల్ జేమ్స్ అనే గణాంక నిపుణుడు చూపించాడు. జట్టు చేసిన పరుగుల వర్గాన్ని, చేసిన పరుగుల వర్గం, ఇచ్చిన పరుగుల వర్గం - ఈ రెండింటి మొత్తంతో భాగించాలి. ఆటకు సగటున 4 పరుగులు చేసి 3 ఇచ్చే జట్టుకు 16ను 25తో భాగిస్తాం. అంటే నూరింట సుమారు 64 ఆటలు గెలవాలన్నమాట. వర్గాల మొత్తం ఉంది కనుక దీనికి పైథాగొరస్ పేరే పెట్టారు!

గడులు పెరిగితే గందరగోళం కాదా అని మీరు అడగవచ్చు. నిజమే. అందుకే ప్రతి గడీ ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. చెప్పని గడిని కొట్టేయండి. పట్టిక తనను తాను సరిచూసుకునేలా కూడా ఉండాలి. పైన చెప్పిన పోటీల్లో ఎ రెండు, మిగిలిన మూడూ ఒక్కొక్కటి గెలిచాయి. మొత్తం గెలుపులు 5. ఓటములు ఎ, బి, సి లకు ఒక్కొక్కటి, డి కి రెండు. అవీ 5. కలవకపోతే ఎక్కడో తప్పు దొర్లినట్టే.

ఈసారి మీ బడి జట్టు ఆడినప్పుడు, కబడ్డీ అయినా, ఖోఖో అయినా, ఒక నోటు పుస్తకం తీసుకుని గట్టున కూర్చోండి. చేసినవి, ఇచ్చినవి, ఆడినవి ఎన్ని, అత్యధికం, అత్యల్పం - అన్నీ రాయండి. తర్వాత ఒక్క ప్రశ్న వేసుకోండి: 'ఈ పట్టికలో ఎవరి కష్టానికి గడి లేదు?' ఆ గడిని మీరే గీయండి.