ఇసుకకు దారి

విశాఖపట్టణమున రామకృష్ణా బీచి తీరమును ప్రజలందరికొరకు ఒక సముద్రోద్యానముగా తీర్చిదిద్దవలెనని నా కోరిక. అయితే ఉద్యానమనగానే సిమెంటు బాటలు, పచ్చికబయళ్లు, రంగుదీపములు మనసునకు తోచునేని ఆ కోరిక నెరవేరకుండుటయే మేలు.

మొదట ఇసుక సంగతి తెలియవలెను. ఇసుక ఒకచోట నిలుచు వస్తువు కాదు. నైరుతి ఋతుపవన కాలమందు అలలు దానిని దక్షిణము నుండి ఉత్తరమునకు నెట్టుకొని పోవును. ఈశాన్య ఋతుపవన కాలమందు కొంత వెనుకకు తెచ్చును. మొత్తముమీద ఉత్తరమునకు పోవునదే యెక్కువ. 1933లో విశాఖ ఓడరేవు ప్రారంభమైనది. 1970 దశాబ్దమున వెలుపలి రేవు ఏర్పడినది. అలల నాపుటకు కట్టిన అడ్డుకట్టలు ఓడలకు ఆశ్రయ మిచ్చినవి గాని, నడచుచున్న ఇసుకకు దారి మూసినవి. అందుచేత దక్షిణమున ఆగిన ఇసుకను యంత్రములతో తోడి, బీచిపై పోయవలసి వచ్చుచున్నది. పారుచున్న కాలువకు అడ్డువేసి, దిగువవారికి కుండలతో నీరు మోసినట్లున్నది ఈ పని! అయినను మానరాదు. రేవును తీసివేయలేము; ఇసుక ఋణము తీర్చకయు ఉండలేము.

గోడ కట్టిన చాలునని కొంద రందురు. గోడను కొట్టిన అల వెనుదిరిగి దాని పాదమునందలి ఇసుకనే తోడుకొని పోవును. ఇసుకతిన్నె యైనచో అలను తనపై ప్రాకనిచ్చి దాని బలమును హరించును. ఆ తిన్నెను బాలబందితీగ పట్టియుంచును. దానిని కలుపుమొక్కయని పీకి పచ్చిక పెంచుట నాకు వింతగా తోచును. పచ్చికకు మంచినీరు కావలెను. బాలబందికి ఉప్పుగాలియే చాలును.

చలికాలపు రాత్రులందు ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరమునకు వచ్చి, గుంట త్రవ్వి, ఇంచుమించు నూరేసి గ్రుడ్లు పెట్టును. ఏబది దినములకు అటునిటుగా పిల్లలు పైకి వచ్చి వెలుతురువైపు నడచును. చీకటి తీరమున సముద్రమే వెలుగుచుండును గనుక వానికి దారి తప్పదు. బాటమీది దీపములు వెలిగినచో అవి బాటవైపే పోవును. అటవీశాఖవారు గ్రుడ్లను ఏరి కాపాడి, పిల్లలను కడలిలో విడుచుచున్నారు, మెచ్చదగిన పని. కాని జనవరి మొదలు మే వరకు దీపములను తగ్గించి, క్రిందికి వంచినచో, కొన్ని గ్రుడ్లయినను తల్లి పెట్టినచోటనే పిల్లలగును. కుర్సురా జలాంతర్గామిని ఈ ఇసుకపైకి లాగి 2002లో ప్రదర్శనశాలగా చేసిన నగరమునకు ఇది అసాధ్యమా?

ఇక జాలరుల మాట. పడవలను ఒడ్డునకు లాగుటకు, వలలు బాగుచేసుకొనుటకు, చేపలు ఎండబెట్టుటకు వారికి ఈ ఇసుకయే కావలెను. ఉద్యానము పేర వారిని తొలగించుట సులభము. చేపలవాసన సందర్శకులకు గిట్టదను వారును గలరు. నా మటుకు, ఆ వాసన లేని సముద్రోద్యానము బొమ్మలకొలువు వంటిది. ఏ నెలలో ఏ చేప దరికి వచ్చునో, ఏ గాలికి నీరు ఎటు లాగునో వారికి తెలిసినట్లు మరెవరికి తెలియును? తూర్పుతీరమున ఏప్రిలు 15 నుండి జూన్ 14 వరకు మరపడవల వేటకు నిషేధము. ఆ రెండు నెలలును ఆ పడవలవారికి జీతమిచ్చి, తీరమునకు వచ్చు పిల్లలకు కడలిని గూర్చి చెప్పు పనిని అప్పగింపవలెను. ప్రవేశమునకు మాత్రము ఎవరివద్దను రుసుము తీసికొనరాదు.